కిటికీ పక్కన అమల్

హిట్లర్ హయాంలో యూదుల మీద సాగిన మారణకాండను స్టేజీ మీద ఎలా చూపించాలి? యూనివర్సిటీ నాటక బృందాలకు ఇదో పెద్ద చిక్కు. ఇరవై ఏళ్ల కుర్రాడికి నాజీ యూనిఫాం తొడిగి గట్టిగా అరిపిస్తే సరిపోతుందా? అరవై లక్షల మంది చావును నలుగురైదుగురు నటులు ఎలా మోయగలరు?

జర్మన్ రచయిత ఎర్విన్ సిల్వానుస్ 1957లో దీనికో దారి చూపించాడు. ఆయన రాసిన 'డాక్టర్ కోర్చాక్ అండ్ ద చిల్డ్రన్'లో సెట్లుండవు. నటులు కొద్దిమందే. కథకుడు వాళ్లకు వేషాలు పంచుతాడు, కథ మొదలవుతుంది. ఖర్చు తక్కువ, బరువు ఎక్కువ... విద్యార్థి బృందాలకు నచ్చిందంటే నచ్చదూ మరి!

ఆ కోర్చాక్ కల్పిత పాత్ర కాదు. పోలండ్‌లో పేరున్న పిల్లల డాక్టరు, పిల్లల రచయిత. అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌స్మిత్. వార్సాలో యూదు పిల్లల అనాథాశ్రమం నడిపేవారు. 1940లో నాజీలు యూదులందర్నీ ఒక పేటలోకి తోలి చుట్టూ గోడ కట్టేశారు. దాన్నే వార్సా ఘెట్టో అంటారు. నాలుగు లక్షలకు పైగా జనం అందులో. ఆకలి, టైఫస్ జ్వరం, వీధుల్లో శవాలు. కోర్చాక్, ఆయన రెండొందల మంది పిల్లలూ అక్కడికే చేరారు.

1942 జులై 18, శనివారం. ఆ పిల్లలు ఓ నాటకం వేశారు. మన రవీంద్రనాథ్ ఠాగూర్ 1911లో రాసిన 'డాక్‌ఘర్'! ఆడించింది ఎస్టెర్కా వినోగ్రోన్ అనే యువతి. వార్సా విశ్వవిద్యాలయంలో ప్రకృతి శాస్త్రం చదువుకున్న అమ్మాయి.

కథ తెలిసిందే. అమల్‌కు జబ్బు. గడప దాటొద్దంటాడు వైద్యుడు. పిల్లాడు కిటికీ పక్కన కూర్చుని పెరుగమ్మేవాడితో, కాపలావాడితో, పూలమ్మాయి సుధతో కబుర్లు చెబుతుంటాడు. ఎదురుగా కొత్త పోస్టాఫీసు వెలిసింది. రాజుగారు తనకో ఉత్తరం రాస్తారని వాడి ఆశ. చివరికి రాజవైద్యుడొచ్చి తలుపులూ కిటికీలూ అన్నీ తెరిపిస్తాడు. అమల్ నిద్రలోకి జారిపోతాడు.

గోడల మధ్య ఉన్న పిల్లలకు ఇంకొకరు విడమరిచి చెప్పాలా? ఈ నాటకమే ఎందుకని అడిగితే, చావు వస్తే ప్రశాంతంగా ఎదుర్కోవడం పిల్లలకు తెలియాలని కోర్చాక్ బదులిచ్చారంటారు. డైరీలో మాత్రం ఆయన ఇంకోలా ఆలోచించారు. ఫకీరు వేసినవాడు నిజంగానే ఫకీరనుకుని, వైద్యుడు వేసినవాడు వైద్యుడే అనుకుని రేపు కూడా అలాగే తిరిగితే ఎలా ఉంటుందని!

నాలుగు రోజులు గడిచాయో లేదో, జులై 22న ఘెట్టో ఖాళీ చేయించడం మొదలైంది. ఎస్టెర్కా పట్టుబడింది. విడిపించాలని కోర్చాక్ చేసిన ప్రయత్నం ఫలించలేదు. ఆయన్ను తప్పిస్తామని మిత్రులు ముందుకొచ్చారు. పిల్లల్ని వదిలి రానన్నారు. ఆగస్టు మొదటి వారంలో పిల్లలు వరుసకట్టి నడిచారు, ముందు ఆయన. రైలు చేరింది ట్రెబ్లింకాకు, అంటే విషవాయువు గదులకు.

సిల్వానుస్ నాటకంలో అసలు సంఘర్షణ ఒక అబద్ధం చుట్టూ తిరుగుతుంది. ఏనాడూ పిల్లలకు అబద్ధం చెప్పని మనిషి, ఎక్కడికెళుతున్నారో దాచి వాళ్లను రైలెక్కించాలా? ఆ సన్నివేశం నటులకు గొప్ప అవకాశమే. కానీ జులై 18 నాటి నాటకం దానికన్నా గట్టిది. అందులో నాజీ ఒక్కడూ లేడు, తుపాకీ లేదు, అరుపు లేదు. ఓ పిల్లాడు, ఓ కిటికీ... యూనిఫాంలు అద్దెకు తెచ్చుకునే విద్యార్థి బృందాలు ఒక్కసారి ఠాగూర్ పుస్తకం తెరిచి చూడొచ్చు.

ట్రెబ్లింకా స్మారకం దగ్గర ఇప్పుడు పదిహేడు వేల రాళ్లున్నాయి. మనిషి పేరున్న రాయి ఒక్కటే. దాని మీద కోర్చాక్ పేరు, పక్కనే 'పిల్లలు' అన్న మాట.