ఆసక్తి లేక కాదు, కాలేజీల మధ్య దారి లేక

సంపాదకులకు,

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో వ్యవసాయ విద్యకూ పరిశోధనకూ సంస్థల కొరత లేదు. నైరలో వ్యవసాయ కళాశాల 1989 నుంచి నడుస్తోంది. రాగోలులో వరి మీద, ఆమదాలవలసలో గోగునార మీద, విజయనగరంలో చోడి మీద పరిశోధన సాగుతోంది. శ్రీకాకుళం సన్నాలు రాగోలులో పుట్టిన రకం. వేగవతి, ఇంద్రావతి చోడి రకాలు విజయనగరం ఇచ్చినవి. ఈ సంస్థలన్నీ ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిధిలోనివి. వీటి పక్కనే డిగ్రీ కాలేజీలు, వృత్తి విద్య ఇంటర్ కాలేజీలు, ఐటీఐలు ఉన్నాయి. లేనిదల్లా ఈ రెంటి మధ్య పొత్తు. పోయిన ఆదివారం ఈ పత్రికలో వచ్చిన వ్యాసం ఆ సంగతే ఎత్తకుండా, ఉత్తరాంధ్ర యువతకు సేద్యం మీద ఆసక్తి చచ్చిపోయిందని తేల్చేసింది. ఊళ్లో పిల్లల మీద ఇంతకు మించిన అపనింద లేదు.

ఈ లేఖ రాస్తున్న రైతు ఊళ్లో జరిగింది చూస్తే విషయం తేటపడుతుంది. అక్కడి రైతుల సంఘం సబ్సిడీ మీద వరి నాటు యంత్రం తెచ్చుకుంది. అమ్మినవారి మనిషి ఒక పూట వచ్చి నడిపి చూపించి వెళ్లిపోయాడు. అసలు పని నారులో ఉందని ఎవరూ చెప్పలేదు. యంత్రానికి నారు ట్రేలలో, జల్లించిన మట్టి పలచగా పరిచి, చాపలా పెంచాలి. పదిహేను, పద్దెనిమిది రోజులకే నాటెయ్యాలి. దమ్ము చేసిన మడిని ఒకటి రెండు రోజులు తేరనివ్వాలి. ఆ ఊళ్లో మట్టి మందంగా పోశారు, విత్తనం ఒకచోట గుత్తంగా, ఒకచోట పలచగా పడింది, నారు ముదిరిపోయింది. చాప ఎత్తగానే ముక్కలైంది. యంత్రం వేళ్లు చాలాచోట్ల ఖాళీగా ఆడాయి. తేరని బురదలో చక్రాలు దిగబడ్డాయి. చివరికి ఆడకూలీలను పిలిచి సందులన్నీ చేత్తో నాటించాల్సి వచ్చింది. యంత్రం ఖర్చూ పడింది, కూలీ ఖర్చూ పడింది. ఆ యంత్రం ఇప్పుడు పశువుల శాల పక్కన పట్టా కింద ఉంది.

అదే ఊళ్లో ఇంటర్‌లో పంటల ఉత్పత్తి కోర్సు చదివిన కుర్రాడున్నాడు. నారు వయసు అతనికి పుస్తకంలో తెలుసు, ట్రే మాత్రం ఎన్నడూ చూడలేదు. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేసినవాడు ఇంకొకడున్నాడు. ఇంజను విప్పి బిగిస్తాడు, నారు సంగతి ఎరగడు. ఇద్దరూ ఆ రోజు మడిగట్టు మీదే ఉన్నారు. ఇద్దరికీ తెలియని మిగతా ముక్క వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త దగ్గర ఉంది. ఆ ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టే కోర్సు లేకపోవడానికి ఆ కుర్రాళ్లు ఎలా బాధ్యులు?

ఈ లోపానికి చరిత్ర ఉంది. 1964లో ఈ విశ్వవిద్యాలయం ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంగా ఏర్పడినప్పుడు అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ చేయూతనిచ్చింది. అమెరికాలో 1862 మోరిల్ చట్టంతో మొదలైన ల్యాండ్ గ్రాంట్ విశ్వవిద్యాలయాల పద్ధతి ఇక్కడికి వచ్చింది. బోధన, పరిశోధన, విస్తరణ ఒకే చోట ఉండాలన్నది దాని సూత్రం. ఆ దేశంలో వాటికి తోడుగా రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలున్నాయి. ఊరి పిల్లలు దగ్గర్లో రెండేళ్లు చదివి, ఆ క్రెడిట్లతో విశ్వవిద్యాలయంలో పై చదువుకు చేరే వీలుంది. ఆ రెండో సగం అప్పట్లో మనకు రాలేదు. తర్వాత యూజీసీ 2013లో కమ్యూనిటీ కాలేజీల పథకం పెట్టింది, 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చింది. వ్యవసాయ డిప్లొమా చేసినవారు అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరే దారి కూడా ఉంది. ఒకరికి వేసిన నిచ్చెన మిగతావారికి వెయ్యలేకపోవడానికి కారణం కనపడదు.

వ్యవసాయ కళాశాల చివరి సంవత్సరం విద్యార్థులు పల్లెల్లో ఉండి రైతుల వెంట పని నేర్చుకుంటారు. డిగ్రీ కాలేజీ విద్యార్థులు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పేరుతో అవే పల్లెల్లో సర్వేలు చేస్తారు. ఇద్దరూ కలిసి ఒకే మడిలో దిగితే సర్వే కాగితం కాస్తా పనికొచ్చే చదువవుతుంది. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం సంగతీ అంతే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను అక్కడి జీడి, కొబ్బరి తోటలను నేలకూల్చింది. జీడి తోటలు మళ్లీ లేవాలంటే అంట్లు కట్టే చేతులు కావాలి. ఆ చుట్టుపక్కల కాలేజీల్లో వృక్షశాస్త్రం చదివే పిల్లలకు ఆ పని నేర్పడానికి ఉద్యాన శాస్త్రవేత్తలు రావాలి.

ఈ సందర్భంలోనే పత్రిక సాగు పేజీ గురించి కూడా చెప్పక తప్పదు. ఆ పేజీ ఏటా గోదావరి డెల్టా కాలువల తేదీలనే అచ్చు వేస్తోంది. ఇక్కడ చెరువుల కింద, వానాధారపు మళ్లలో ఉభాలు, అంటే వరి నాట్లు, జులై చివర, ఆగస్టులో జరుగుతాయి. నాట్లు వెయ్యకుండా ఎదలు జల్లే రైతుకు తొలి నెలలో కలుపే పెద్ద శత్రువు, దాని మీద ఒక్క ముక్క ఉండదు. డ్రోన్ ప్రారంభోత్సవాల ఫొటోలకు మాత్రం సగం పేజీ దొరుకుతుంది. పదో తరగతి పాసై, పద్దెనిమిదేళ్లు నిండినవారు శిక్షణ పొందితే డ్రోన్ పైలట్ కావచ్చన్న సమాచారం ఆ ఫొటోల కంటే ఊరికి ఎక్కువ అవసరం. స్థానిక కాలేజీ అధ్యాపకులు, పరిశోధన కేంద్రాల వారు కలిసి రాస్తే ఆ పేజీకీ ప్రాణం వస్తుంది.

చెయ్యవలసిన పనులు మూడు. వ్యవసాయ విశ్వవిద్యాలయం స్థానిక కాలేజీలతో ఒప్పందం చేసుకుని, సాగు యంత్రాలు, నారు పెంపకం, అంట్లు కట్టడం మీద ఏడాది కోర్సులు పెట్టాలి. ప్రాక్టికల్స్ పరిశోధన కేంద్రాల పొలాల్లో, నిజమైన యంత్రాల మీద జరగాలి. ఆ క్రెడిట్లు డిప్లొమాకూ డిగ్రీకీ చెల్లాలి. ఇవి జరిగాక కూడా యువత ముందుకు రాకపోతే, ఆ వ్యాసం అప్పుడు రాయవచ్చు.

ఇట్లు,
ఆమదాలవలస ప్రాంతపు వరి రైతు