రంగు పోయింది సరే, ఎక్కడికి?

నా వద్ద తెలుగు చదువుకొని, నేడు రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తున్న శిష్యుడొకడు క్రిందటి వారం ఒక వ్యాసం పంపాడు. పత్రికకు పంపేలోగా భాష చూసిపెట్టమన్నాడు. "వరి ఊకతో అద్దకపు నీటి విషాల సంపూర్ణ తొలగింపు" అని శీర్షిక. సంధులు, సమాసాలు సరిగానే ఉన్నాయి. అబద్ధమంతా ఆ శీర్షికలోని చివరి మాటలో ఉంది.

ఈ ప్రక్రియకు మన పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరు అధిశోషణం. శోషణం వేరు, అధిశోషణం వేరు. స్పాంజి నీటిని లోపలికి పీల్చుకొంటే శోషణం. ఒక పదార్థపు ఉపరితలాన్ని మరొకటి అంటిపెట్టుకొంటే అధిశోషణం. ఆ "అధి"ని పత్రికలవారు బరువనుకొని దించేస్తారు గాని, అర్థమంతా దానిమీదే ఉంది. కొబ్బరిచిప్పల బొగ్గును ఆవిరి తగిలేలా కాల్చి ఉత్తేజితం చేస్తే, ఒక్క గ్రాములో సుమారు 1000 చదరపు మీటర్ల ఉపరితలం ఏర్పడుతుంది. అంటే పాతిక సెంట్ల నేల! సూక్ష్మరంధ్రాల గోడలన్నీ కలిపిన లెక్క అది. రంగు అణువులు ఆ గోడలకు అంటుకొంటాయి, నీరు తేటపడుతుంది. అణువు మాత్రం చెక్కుచెదరదు. పరమశివుడు హాలాహలాన్ని మింగనూ లేదు, ఉమియనూ లేదు, కంఠాన నిలిపాడు. అయితే ఆయన దానిని తీసుకొనివెళ్ళి ఎవరి పొలంగట్టునా దించలేదు.

మరి ఈ ఊకను ఎక్కడ దించుతారు? వ్యాసంలో ఒక్క వాక్యం లేదు. కుప్పపోసిన ఊక వానకు తడిస్తే, అంటిన రంగు కొంత మళ్ళీ ఊడి నీటిలో కలుస్తుంది. గాలి సోకని బురదలో పూడితే అజో జాతి రంగులు విడిపోయి ఆరోమాటిక్ అమైన్లవుతాయి. వాటిలో కొన్ని కేన్సరు కారకాలు.

ఇంకొక చమత్కారం. వీడు ప్రయోగానికి ఎన్నుకొన్న రంగు మిథిలీన్ బ్లూ, కలిపినది స్వేదనజలంలో. అది ధనావేశం కల రంగు, ఊక ఉపరితలానిది సాధారణంగా ఋణావేశం. పిలవకుండానే అంటుకొంటుంది. నూలు అద్దకంలో నేడు విరివిగా వాడే రియాక్టివ్ రంగులు ఋణావేశం కలవి, ఊకకు దూరంగా జరుగుతాయి. పైగా ముదురు రంగులకు తొట్టిలో లీటరుకు 50 గ్రాములు, ఆపైన కూడా ఉప్పు పోస్తారు. ఆ ఉప్పు ఊకకూ అంటదు, బొగ్గుకూ అంటదు.

ఉప్పు మాట వచ్చింది కనుక తిరుప్పూరు సంగతి చెప్పాలి. అక్కడి బనియను బట్టల అద్దకపు నీరు నొయ్యల్ నదిలో కలిసి, సేద్యం కోసం 1992లో కట్టిన ఒరత్తుపాళయం జలాశయంలో నిలిచింది. ఏ నీటికోసం ఆనకట్ట కట్టారో, ఆ నీటినే వదలవద్దని దిగువ రైతులు మొరపెట్టుకోవలసివచ్చింది. వారి నేలను చెరచినది కంటికి కనబడే రంగుకంటె కనబడని ఉప్పు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆ ఊళ్ళోని అద్దకపు కర్మాగారాలను వందలాదిగా మూయించింది. తరువాత అవి రివర్స్ ఆస్మోసిస్, ఆవిరి యంత్రాలు పెట్టి, నీటినీ ఉప్పునూ తిరిగి వాడుకొనే ఏర్పాటుతో తెరుచుకొన్నాయి. ఖర్చు తడిసి మోపెడు. "ఊక చాలు" అనే శీర్షిక యజమాని చెవికి ఎంత ఇంపుగా ఉంటుందో ఊహించండి.

అధిశోషణం పనికిరాదని నేననను. ఇతర పద్ధతులలో శుద్ధిచేయగా మిగిలిన కాస్త రంగును చివర పట్టడానికి బొగ్గు మంచిదే. పనైన బొగ్గును 800 డిగ్రీల వేడిలో కాల్చి మళ్ళీ వాడవచ్చు, కాదంటే సిమెంటు బట్టీలో దహించవచ్చు. రెంటికీ ఖర్చుంది. ఆ ఖర్చు చెప్పకుండా ఊక చవక అనడం, పెళ్ళిఖర్చు శుభలేఖలతో సరిపెట్టడం వంటిది.

"మాస్టారూ, మీరు భాష చూస్తారనుకున్నాను" అన్నాడు ఫోనులో, కాస్త నొచ్చుకొని.

"భాషే చూశానురా" అన్నాను. "తొలగింపు" కొట్టివేసి "బదిలీ" అని వ్రాశాను. ఉద్యోగమంతా బదిలీల మీద గడిపినవాణ్ణి, రెంటికీ తేడా నాకు తెలియదా? ఆ శీర్షికతో ఎవరు వేసుకొంటారని వాడి బాధ. పనైన ఊక ఏ దారిన పోతుందో ఒక పేరా వ్రాసి పంపితే తక్కిన దిద్దుబాటు చేస్తానన్నాను. ఆ పేరా ఇంకా రాలేదు. వ్యాసం నా బల్లమీదే ఉంది.