ఇల్లలకగానే పండగ కాదు

మూలకణాలు అనగానే మనవాళ్ళకు రెండు విషయాలు గుర్తొస్తాయి. ఒకటి, 2001లో బుష్ ప్రభుత్వం పిండ మూలకణాల పరిశోధనకు నిధులు కుదించడం, 2009లో ఒబామా ఆ ఆంక్షలను సడలించడం. రెండోది, స్టెమ్ సెల్స్‌తో అన్ని రోగాలూ నయం చేస్తామనే ప్రకటనలు. ఈ రెండింటి మధ్య అసలు ప్రశ్న మరుగున పడింది. ఈ కణాలను కోట్ల సంఖ్యలో, ఒకే నాణ్యతతో తయారు చేయగల నేర్పు ఎవరి చేతిలో ఉంటుంది? రేపటి వైద్యం ధరను నిర్ణయించేది ఆ నేర్పే.

టైప్-1 మధుమేహాన్నే తీసుకుందాం. హార్వర్డ్ శాస్త్రవేత్త డగ్లస్ మెల్టన్ పిల్లలిద్దరికీ ఈ జబ్బు ఉంది. మూలకణాల నుంచి ఇన్సులిన్ తయారు చేసే బీటా కణాలను పుట్టించాలని ఆయన ఏళ్ళ తరబడి శ్రమించారు. 2014లో ఆయన బృందం అది సాధించింది. ఆ బాటలో వెర్టెక్స్ కంపెనీ జరిపిన పరీక్షల ఫలితాలు 2025లో వెలువడ్డాయి. పూర్తి మోతాదు తీసుకున్న 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ ఇంజెక్షన్ అవసరం లేకపోయింది. అయితే కణాలను శరీరం తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతూ ఉండాలి. పరీక్షల కాలంలో ఇద్దరు చనిపోయారు, వారిలో ఒకరు ఇన్ఫెక్షన్ వల్ల. కాబట్టి పండగ ఇంకా రాలేదు.

ఇక్కడ గమనించాల్సిన అంకె ఇంకొకటుంది. ఒక్క రోగికి ఇచ్చిన మోతాదు 80 కోట్ల కణాలు! అడుగున అంటిపెట్టుకుని కణాలు పెరిగే మామూలు ఫ్లాస్కులో సుమారు కోటి కణాలు దొరుకుతాయి. ఆ లెక్కన లక్ష మంది రోగులకు ఎన్ని ఫ్లాస్కులు, ఎందరు మనుషులు కావాలో ఊహించండి. అందుకే కణాలను ద్రవంలో తేలుతూ పెరిగేలా చేసి, ట్యాంకుల్లో కలియబెడుతూ పెంచే పద్ధతి వచ్చింది. మెల్టన్ బృందం విజయం కూడా అలాంటి పాత్రల్లోనే సాధ్యమైంది.

చెప్పినంత తేలిక కాదిది. మానవ మూలకణాలను విడివిడిగా వదిలితే చాలావరకు చచ్చిపోతాయి. ఆ చావును ఆపే రసాయనాన్ని 2007లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. గుంపులుగా పెరిగితే మరో చిక్కు. గుంపు మరీ పెద్దదైతే లోపలి కణాలకు ఆక్సిజన్ అందదు, మనం కోరని రకం కణాలుగా మారిపోతాయి. వేగంగా తిప్పితే కణాలు దెబ్బతింటాయి, నెమ్మదిగా తిప్పితే అడుక్కు చేరి ముద్ద కడతాయి. మారకుండా మిగిలిపోయిన మూలకణాలు రోగి ఒంట్లోకి వెళితే కణితి కట్టే ప్రమాదం ఉంది. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, డెమోలో నడిచినదల్లా ప్రొడక్షన్‌లో నడవదు.

మరి ఇందులో మన పాత్ర ఏమిటి? ట్యాంకుల్లో జీవకణాలను పెంచడం హైదరాబాద్‌కు కొత్త కాదు. శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈస్ట్ కణాలతో హెపటైటిస్-బి టీకా తయారు చేసి, దిగుమతి టీకాల ధరలను నేలకు దించింది. కోవాగ్జిన్ కోసం వీరో కణాలను పెంచింది జీనోమ్ వ్యాలీలోనే. ముంబై ఐఐటీలో పుట్టిన క్యాన్సర్ కణచికిత్సకు 2023లో అనుమతి వచ్చింది. దాని ధర అమెరికా ధరలో సుమారు పదో వంతు. మానవ మూలకణాలు ఈస్ట్ కంటే ఎన్నో రెట్లు సున్నితమైనవే. కానీ స్వదేశంలో తయారీ ధర ఎలా దించుతుందో చెప్పడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ఒకటి, భూముల కేటాయింపులతో సరిపెట్టకుండా, మనిషికి ఎక్కించదగ్గ ప్రమాణాలతో కణాలను పెంచే ఉమ్మడి కేంద్రాన్ని ప్రభుత్వ సొమ్ముతో నిర్మించాలి. యూనివర్సిటీలకు, చిన్న కంపెనీలకు అందులో చోటివ్వాలి. రెండు, విదేశాల్లో ఈ రంగంలో పనిచేస్తున్న తెలుగు ఇంజనీర్లు ఏటా కొన్ని వారాలు అక్కడికెళ్ళి నేర్పే ఏర్పాటు చేయాలి. మూడు, ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలను గట్టిగా అమలు చేయాలి. రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప, అనుమతి పొందిన క్లినికల్ పరీక్షల బయట మూలకణ చికిత్స అమ్మరాదని అవి చెబుతున్నాయి. ఊళ్ళో బంధువులు ఫోన్ చేసి "డబ్బు పంపితే స్టెమ్ సెల్స్ వేయిస్తాం" అంటే, ఆ మాట చెప్పాల్సిన బాధ్యత మనదే.

మంత్రులు ఇక్కడికి పెట్టుబడుల కోసం వచ్చినప్పుడు శాలువాలు కప్పి ఫోటోలు దిగుతున్నాం. ఈసారి శాలువాతో పాటు ఈ ప్రశ్న కూడా వేద్దాం: టైప్-1 పిల్లలకు మందు వచ్చిన రోజున మనం తయారు చేసేవాళ్ళ వరుసలో ఉంటామా, కొనలేక నిలబడేవాళ్ళ వరుసలోనా?