బ్రేకు వేస్తే బాటరీ నిండే బండి



పోయిన నెల మనం రాపిడిని గురించి చెప్పుకున్నాం. అరచేతులు రెండూ గట్టిగా రుద్దితే వేడెక్కుతాయని రాశాను. మీలో కొందరు రుద్ది చూసి ఉత్తరాలు కూడా రాశారు. ఈ నెల ఆ వేడి వెంబడే మోటారు కార్ల దగ్గరికి పోదాం.

2016 మార్చి నెలలో స్విట్జర్లాండు దేశంలోని జెనీవా నగరంలో కార్ల ప్రదర్శన జరిగింది. ఏటేటా జరిగే ఆ ప్రదర్శనకు లోకంలోని పెద్ద పెద్ద కంపెనీలన్నీ తమ కొత్త కార్లను పట్టుకుని వచ్చేవి. దక్షిణ కొరియాకు చెందిన హ్యుందాయ్ కంపెనీ ఆ సంవత్సరం ‘అయానిక్’ అనే కారును అక్కడ పెట్టింది. మరీ పెద్ద కారేమీ కాదు, ఒక కుటుంబం కూర్చుని పోవటానికి చాలినంత కారు. చూడబోతే అందులో వింత ఏమీ లేదు. వింతంతా లోపల ఉన్నది. ఒకే ఆకారం గల కారును ఆ కంపెనీవారు మూడు రకాలుగా చేశారు. మొదటి దానిలో పెట్రోలు ఇంజనూ ఉన్నది, విద్యున్మోటారూ ఉన్నది. రెండవ దానిలోనూ ఆ రెండూ ఉన్నాయి గాని, దాని బాటరీ పెద్దది. ఇంట్లో గోడకున్న ప్లగ్గుకు తగిలించి కరెంటు పట్టుకోవచ్చు. మూడవ దానిలో ఇంజనే లేదు, అంతా కరెంటే. పెట్రోలు ఒక్కదానితో నడిచే మామూలు రకాన్ని వాళ్ళు అసలు తయారుచేయలేదు.

ముగ్గురు అన్నదమ్ములకు ఒకే కొలతతో చొక్కాలు కుట్టించినట్టున్నది గదా! అయితే ఒక కారుకు మూడు రకాలెందుకు? ఏది మంచిదో తేల్చి అదొక్కటే చేయరాదా? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు బ్రేకు సంగతి తెలియాలి.

కారూ, అందులో కూర్చున్నవాళ్ళూ కలిసి 1,500 కిలోల బరువు అనుకోండి. అది గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. ఎదురుగా గేదె అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు, కారు ఆగింది. అంతసేపూ కారులో ఉన్న పరుగు ఏమయింది? బ్రేకు దిమ్మలు చక్రాన్ని ఒరుసుకుని వేడెక్కాయి, ఆ వేడి గాలిలో కలిసిపోయింది. ఎంత వేడి? లెక్క కడితే, అర లీటరు చన్నీళ్ళు తెర్లిపోవటానికి చాలినంత! అంటే గేదె అడ్డం వచ్చినప్పుడల్లా రెండు గ్లాసుల కాఫీ నీళ్ళు కాచి రోడ్డుమీద పారబోసినట్టే. ఊళ్ళో తిరిగే కారు రోజుకు ఎన్నిసార్లు బ్రేకు వేస్తుందో మీరే లెక్కపెట్టండి. ఆ వేడంతా మనం డబ్బు పోసి కొన్న పెట్రోలు నుంచి వచ్చిందే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తొమ్మిదో తరగతికి ఈ పాఠమే చెబుతూ, “బ్రేకులో పోయిన శక్తి పోయినట్టే, దాన్ని ఎవరూ వెనక్కు తేలేరు” అన్నాను. వెనక బల్లమీది కుర్రవాడొకడు లేచి, “మాస్టారండీ, సైకిలుకు డైనమో ఆనిస్తే తొక్కటం బరువవుతుంది గదండీ. తొక్కటం మానేస్తే సైకిలు తొందరగా ఆగిపోతుంది కూడానూ. మరి డైనమో కూడా బ్రేకే గదండీ? అయినా దానివల్ల దీపం వెలుగుతున్నదే!” అన్నాడు. పిల్లలు నవ్వారు. నేను, “పాఠం మధ్యలో సైకిళ్ళ గొడవ ఎందుకురా? కూర్చో,” అన్నాను. వాడు కూర్చున్నాడు. ఆ సంవత్సరంలో మళ్ళీ వాడు ప్రశ్న అడిగిన గుర్తు నాకు లేదు.

వాడు చెప్పిందే నిజం. విద్యున్మోటారుకు కరెంటు ఇస్తే తిరుగుతుంది. అదే మోటారును బలవంతంగా తిప్పితే కరెంటు ఇస్తుంది, అనగా డైనమో అవుతుంది. చక్రానికి మోటారు తగిలించి ఉన్న కారులో డ్రైవరు బ్రేకు తొక్కగానే, చక్రాలు మోటారును తిప్పటం మొదలుపెడతాయి. కరెంటు పుట్టి బాటరీలోకి పోతుంది, ఆ బరువుకు కారు నెమ్మదిస్తుంది. కాఫీ నీళ్ళు కాచవలసిన శక్తిలో చాలా భాగం డబ్బాలో దాగుతుంది. కారు మళ్ళీ కదిలేటప్పుడు అదే ముందుకు తోస్తుంది. మామూలు బ్రేకులు కూడా ఉంటాయి, గట్టిగా ఆపవలసి వస్తే అవి పట్టుకుంటాయి.

ఇంజనూ మోటారూ రెండూ ఉన్న బండిని హైబ్రిడ్ అంటారు. మీ ఊళ్ళో రైతులను అడగండి, హైబ్రిడ్ జొన్న, హైబ్రిడ్ పత్తి అంటే ఏమిటో చెబుతారు. రెండు జాతుల మంచి గుణాలు ఒకదానిలో కలపటమన్నమాట. ఆలోచన కొత్తదేమీ కాదు. ఫెర్డినాండ్ పోర్షె అనే ఇంజనీరు 1900 ప్రాంతంలోనే ఇంజనూ మోటార్లూ కలిసిన బండి తయారుచేశాడు. కాని అది బరువు, ఖరీదు. పెట్రోలు చవకగా దొరికినంతకాలం దానివంక ఎవరూ చూడలేదు.

దాన్ని వేలకొద్దీ తయారుచేసి అమ్మవచ్చునని మొదట చూపినవారు జపానువారు. ఆ కథ చెప్పుకోదగినది. 1993లో టొయోటా కంపెనీ, రాబోయే శతాబ్దానికి తగిన చిన్న కారును ఆలోచించమని కొందరు ఇంజనీర్లను నియమించింది. వారి నాయకుడు ఉచియామదా తకేషి. అంతకుముందు ఆయన ఏ కారు తయారీకీ నాయకత్వం వహించినవాడు కాడు, కార్లలోని చప్పుడూ అదురూ తగ్గించే పనిలో ఉండేవాడు. మొదట పెట్రోలు ఖర్చు సగానికి సగం మెరుగైతే చాలుననుకున్నారు. తరవాత పైవాళ్ళు, “అది చాలదు. లీటరుకు ఇప్పుడు వచ్చే దూరానికి రెట్టింపు దూరం రావాలి” అన్నారు. ఇంజను ఒక్కదానితో అది అయ్యేపని కాదు. అందుచేత హైబ్రిడ్ దారి పట్టారు. ఇంజనునూ మోటారునూ ఎన్ని రకాలుగా జతచేయవచ్చునో, ఆ పద్ధతులు సుమారు 80 కాగితం మీదా కంప్యూటరులోనూ పరీక్షించి, ఒకదాన్ని ఎంచుకున్నారు.

1995 చివరలో మొదటి నమూనా కారు తయారయింది. అందరూ చుట్టూ చేరారు. తాళం తిప్పారు. కారు కదలలేదు! ఆ రోజే కాదు, మరునాడూ కదలలేదు. ఎక్కడ తప్పున్నదో వెతుకుతూ, ఒకటి సరిచేస్తే మరొకటి బయటపడుతూ, 49 రోజులు గడిచాయి. ఆ తరవాత కారు కదిలి, కొన్ని వందల మీటర్లు పోయి ఆగిపోయింది. అంతలో పైనుంచి మరొక మాట వచ్చింది: అనుకున్న సమయం కన్నా ముందే, 1997 ముగిసేలోగా కారు బజారుకు రావాలి! బాటరీ పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. మరీ వేడెక్కినా పనిచేయదు, మరీ చల్లబడినా పనిచేయదు.

చివరకు 1997 డిసెంబరులో ఆ కారు బజారుకు వచ్చింది. దాని పేరు ప్రియస్. లాటిన్ భాషలో ఆ మాటకు ‘ముందుగా’ అని అర్థం. అదే నెలలో, అదే దేశంలోని క్యోటో నగరంలో, భూమి వేడెక్కకుండా పొగ తగ్గించుకోవాలని ప్రపంచదేశాలు ఒప్పందం చేసుకున్నాయి. 2017 నాటికి టొయోటావారు అమ్మిన హైబ్రిడ్ బళ్ళు, అన్ని రకాలూ కలిపి, కోటి దాటాయి.

ప్రియస్‌లో నాకు అన్నిటికన్నా నచ్చినది దాని పళ్ళచక్రాల అమరిక. నడుమ ఒక చిన్న చక్రం, దానిపేరు సూర్యచక్రం. దాని చుట్టూ తిరిగే చిన్నచక్రాలు గ్రహాలు. వీటన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్ళున్న వలయం ఒకటి. ఇంజను గ్రహాలను తిప్పుతుంది. సూర్యచక్రానికి కరెంటు పుట్టించే జనరేటరు తగిలించారు. వలయానికి మోటారూ, దాని ద్వారా బండి చక్రాలూ తగిలి ఉంటాయి. ఇంజను ఇచ్చే బలం కొంత సరాసరి చక్రాలకూ, కొంత జనరేటరుకూ పంపకమవుతుంది. జనరేటరు వేగం మార్చితే పంపకమూ మారుతుంది. ఇక క్లచ్చు లేదు, గేర్లు మార్చే బెడద లేదు. ఇంత చిక్కు సమస్యను గుప్పెడు పళ్ళచక్రాలతో తీర్చటం చూస్తే ఎంత ముచ్చట వేస్తుందో! అయానిక్ వాళ్ళు వేరే పద్ధతి పట్టారు. అందులో ఆరు గేర్లున్నాయి, అయితే వాటిని యంత్రమే మార్చుకుంటుంది.

ఇప్పుడు మన ముగ్గురు అన్నదమ్ముల దగ్గరికి వద్దాం. మీ ఇంటికి వచ్చే కరెంటు బిల్లులో ‘యూనిట్లు’ అని ఉంటుంది చూశారా? బాటరీలను కూడా ఆ యూనిట్లలోనే కొలవవచ్చు. 2016 నాటి లెక్క ప్రకారం హైబ్రిడ్ అయానిక్ బాటరీలో ఒకటిన్నర యూనిట్లు పడతాయి. ప్లగ్గు ఉన్న రెండవదానిలో సుమారు 9 యూనిట్లు. పూర్తి కరెంటు కారులో 28 యూనిట్లు. మొదటిది బ్రేకుల్లో దొరికిన శక్తిని దాచుకోవటానికే. దాని తిండి అంతా పెట్రోలే. రెండవది రాత్రి పట్టుకున్న కరెంటుతో 40, 50 కిలోమీటర్లు పోగలదు, ఆపైన ఇంజను అందుకుంటుంది. మూడవది నిండు బాటరీతో సుమారు 200 కిలోమీటర్లు పోతుంది, కాని బాటరీ ఖాళీ అయితే మళ్ళీ గంటలకొద్దీ నింపుకోవాలి. బడికీ బజారుకూ తిరిగేవాడికి మూడవది హాయి. దారిలో కరెంటు పట్టే చోట్లు లేని దూరప్రయాణం చేసేవాడికి మొదటిది నయం. అందుకే మూడు రకాలు. ఈ అయానిక్ తయారీ 2022లో ఆగిపోయింది. అదే పేరుకు అంకెలు తగిలించి వస్తున్నవి వేరే బళ్ళు.

ఈ మాట మీ పెద్దలకు కూడా చదివి వినిపించండి. కరెంటు కారుకు పొగ లేదంటారు. కారుకు లేదు, నిజమే. మరి కరెంటు ఎక్కడినుంచి వస్తున్నది? లెక్క చేద్దాం. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు 2,300 గ్రాముల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. హైబ్రిడ్ కారు లీటరుకు 20 కిలోమీటర్లు పోయిందనుకుంటే, కిలోమీటరుకు 115 గ్రాములు. ఇక బొగ్గు కాల్చి ఒక యూనిట్ కరెంటు తీస్తే సుమారు 1,000 గ్రాముల వాయువు పుడుతుంది. యూనిట్‌కు 7 కిలోమీటర్లు పోయే కరెంటు కారుకు, కిలోమీటరుకు 140 గ్రాములకు పైమాటే! అంటే కొత్తగూడెంలోనో రామగుండంలోనో బొగ్గు కాల్చి తీసిన కరెంటు ఒక్కటే పోస్తే, ఈ లెక్కలో పెట్రోలు తాగే పెద్దన్నే గెలిచాడు. అదే కరెంటు శ్రీశైలంలో నీటినుంచో, కర్నూలు జిల్లాలో పరచిన సౌరఫలకాల నుంచో వస్తే, కరెంటు కారు నడవటానికి ఆ వాయువు పుట్టదనే చెప్పాలి. మన తీగల్లో అన్నీ కలిసే వస్తాయి. ఇప్పటికీ బొగ్గుదే ఎక్కువ పాలు. అయినా బొగ్గు పొగ ఎక్కడో పొగగొట్టం నుంచి పోతుంది, బడికి నడిచిపోయే పిల్లల ముక్కుల్లోకి సరాసరి రాదు. పై లెక్కలో ఆ సంగతి లేదు. బాటరీ తయారు కావటానికి పుట్టే పొగ కూడా అందులో లేదు. కాబట్టి ఏ కారు మంచిదని ఎవరైనా అడిగితే, మీ కరెంటు ఎక్కడిదని తిరిగి అడగండి.

ఈ నెల ప్రశ్న ఒకటి ఇస్తాను. తిరుపతి నుంచి తిరుమల కొండ సుమారు 700 మీటర్ల ఎత్తు. 1,500 కిలోల బండిని అంత ఎత్తుకు ఎక్కించటానికే దాదాపు 3 యూనిట్ల శక్తి కావాలి. రాపిడికీ గాలికీ పోయేది దీనికి అదనం. దిగేటప్పుడు ఇందులో ఒక యూనిట్ అయినా బాటరీలోకి తిరిగి వస్తుందనుకోండి. 2022 నుంచి ఆ కొండమీదికి కరెంటు బస్సులు కూడా తిరుగుతున్నాయి. మన ముగ్గురు అన్నదమ్ములూ కొండమీద ఉన్నారు. పెద్దవాడి బాటరీ చిన్నది, అప్పటికే ముప్పాతిక నిండి ఉన్నది. నడిపివాడిది సగం నిండింది. చిన్నవాడు, పెద్ద ప్రయాణం గదా అని, కొండమీదే ప్లగ్గు దొరికితే రాత్రంతా నింపుకుని, పొద్దున్నే నిండు బాటరీతో బయలుదేరాడు. ముగ్గురూ ఘాటు రోడ్డు దిగుతున్నారు. అలిపిరి చేరేసరికి ఎవరి బ్రేకు దిమ్మలు ఎక్కువ వేడెక్కి ఉంటాయి? ఎందుచేత? చిన్నవాడు రాత్రి ఏం చేసి ఉండవలసింది?

జవాబులు కార్డుమీద రాసి పంపండి. సైకిలుకు డైనమో ఉన్నవాళ్ళు, దాన్ని ఆనించి ఒకసారీ, తీసి ఒకసారీ, ఒకే వేగంలో తొక్కటం ఆపి, ఎంత దూరం పోయి ఆగిందో అడుగులతో కొలిచి, ఆ అంకెలు కూడా రాయండి.