పేరుకు ఎస్‌యూవీ.. పుట్టుక పన్ను పట్టికలో!

2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. పైన ఉండే సెస్సు కూడా పోయింది. దసరా ముందు వచ్చిన ఈ వార్తను చాలామంది ‘కారు చౌకైంది’ అనుకుని వదిలేశారు. గ్రూప్ డిస్కషన్‌కో, ఆటోమొబైల్ కంపెనీ ఇంటర్వ్యూకో వెళ్లేవాళ్లు మాత్రం ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఇంతకీ ప్రభుత్వం లెక్కలో చిన్న కారు అంటే ఏది?

పొడవు 4,000 మిల్లీమీటర్లు దాటకూడదు. ఇంజిన్ పెట్రోల్‌ది అయితే 1,200 సీసీ, డీజిల్‌ది అయితే 1,500 సీసీ మించకూడదు. ఈ గీత 2006 కేంద్ర బడ్జెట్ నాటిది. అప్పట్లో ఇలాంటి కార్లకు ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. గీత ఎక్కడ ఉందో కంపెనీలు కారును అక్కడికి కత్తిరించాయి. టాటా నెక్సాన్, హ్యుందాయ్ వెన్యూ, మన పెనుకొండ దగ్గర తయారయ్యే కియా సోనెట్.. అన్నిటి పొడవూ 3,995 మిల్లీమీటర్లే. గీతకు 5 మిల్లీమీటర్లు ఇవతల! మారుతి బ్రెజా పొడవు కూడా అంతే. కానీ 1,462 సీసీ పెట్రోల్ ఇంజిన్‌తో వచ్చే బ్రెజా చిన్న కారు కిందికి రాదు, దానికి పడేది 40 శాతం. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ఉదాహరణ చెప్పగలిగితే మీరు స్పెసిఫికేషన్ షీటు బట్టీ పట్టలేదని అవతలివాళ్లకు తెలిసిపోతుంది.

ఈ బండ్ల జోరు మామూలుగా లేదు. 2024-25లో దేశంలో అమ్ముడైన సుమారు 43 లక్షల ప్యాసింజర్ వాహనాల్లో 65 శాతం యుటిలిటీ వాహనాలే. 2024లో అమ్మకాల్లో మొదటి స్థానం టాటా పంచ్‌ది. నలభై ఏళ్లలో మారుతి కాని కారు అక్కడ నిలబడటం అదే మొదటిసారి.

మరి ప్రకటనల్లో కొండలెక్కే ఈ బండి నిజంగా అడవి దారిలో ఎలా ఉంటుంది? దీనికి మనకు దగ్గర్లోనే మంచి టెస్ట్ ట్రాక్ ఉంది. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ, సారపాక మీదుగా గోదావరి దాటి భద్రాచలం దాదాపు 120 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఒకవైపు దుమ్ముగూడెం, చర్ల. ఇంకోవైపు చింతూరు, అది దాటితే ఛత్తీస్‌గఢ్, ఒడిశా. ఈ దారిలో బొగ్గు టిప్పర్లు, సారపాక పేపర్ మిల్లుకు జామాయిల్ కర్ర మోసే లారీలు. రాత్రయితే రోడ్డు మీదే పడుకునే బర్రెలు.

ఈ ప్రాంతపు ఓనర్లను కదిలిస్తే మొదట మంచే చెప్తారు. ఎత్తుగా కూర్చుంటాం, దూరం కనిపిస్తుంది, పెద్దవాళ్లకు ఎక్కడం దిగడం తేలిక, స్పీడ్ బ్రేకర్లకు కింద తగలదు. అన్నీ నిజమే. చాలా మోడళ్ల గ్రౌండ్ క్లియరెన్స్ 190 నుంచి 209 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, హ్యాచ్‌బ్యాక్ కన్నా స్పష్టంగా ఎక్కువ. కాకపోతే కంపెనీ చెప్పే అంకె చాలాసార్లు బండి ఖాళీగా ఉన్నప్పటిది. ఐదుగురు ఎక్కి, డిక్కీ నింపి పర్ణశాలకు బయల్దేరితే స్ప్రింగులు కుంగి ఆ అంకె తగ్గుతుంది.

అసలు తేడా వాన పడ్డాక మట్టి దారి ఎక్కితే తెలుస్తుంది. ఈ కాంపాక్ట్ ఎస్‌యూవీలు దాదాపు అన్నీ ఫ్రంట్ వీల్ డ్రైవ్, అంటే లాగేది ముందు చక్రాలే. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది. వెనక సీట్లో ముగ్గురుంటే మరీను. ముందు చక్రాల మీద బరువు తగ్గిపోయి అవి బురదలో తిరుగుతూనే ఉంటాయి, బండి కదలదు. ముదురు డ్రైవర్లు ఇలాంటిచోట కారును తిప్పి రివర్స్‌లో ఎక్కిస్తారు. అప్పుడు బరువు లాగే చక్రాల మీదికి వస్తుంది కాబట్టి! ఫిజిక్స్ పేరు చెప్పకపోయినా చేసేది ఫిజిక్సే. 4 మీటర్ల లోపు ఫోర్ వీల్ డ్రైవ్ కావాలంటే మూడు డోర్ల మహీంద్రా థార్, మారుతి జిమ్నీ లాంటి ఒకటి రెండింటి వైపే చూడాలి.

1,200 సీసీ గీత ఇంజిన్‌ను కూడా మార్చేసింది. మూడు సిలిండర్లు, దానికో టర్బో. హైవే మీద హుషారుగానే ఉంటుంది. ఫుల్ లోడుతో చింతూరు-మారేడుమిల్లి ఘాట్‌లో రెండో గేరులో పాకుతున్నప్పుడు మాత్రం టర్బో మేలుకునేదాకా బండి నీరసంగా ఉంటుంది. తెలిసినవాళ్లు గేరు దించి ఆర్‌పీఎం నిలబెడతారు, తెలియనివాళ్లు ‘పికప్ లేదు’ అని సర్వీసు సెంటర్‌కు వెళ్తారు. మైలేజీ గొడవ కూడా ఇలాంటిదే. కంపెనీ చెప్పే అంకె ల్యాబులో రోలర్ల మీద, గరిష్ఠంగా గంటకు 90 కిలోమీటర్ల వేగంతో నడిపి తీసినది. మే నెల ఎండలో ఏసీ పెట్టుకుని నడిపే కొత్తగూడెం ట్రాఫిక్ ఆ లెక్కలో లేదు.

నీళ్లొస్తే..

ఇది ఎక్కువగా మాట్లాడుకోవాల్సిన విషయం. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు! వంతెన మీద రాకపోకలు ఆపేశారు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు కాలనీల్లోకి వచ్చింది. ఇళ్లతో పాటు కార్లూ మునిగాయి.

ఎత్తైన బండి కదా, వాగు దాటేస్తుందిలే అనే ధీమా ఎస్‌యూవీ అన్న పేరు వల్ల వస్తుంది. ఇంజిన్ గాలి పీల్చే గొట్టం ఎంత ఎత్తులో ఉందనేదే ఇక్కడ ముఖ్యం. అందులోంచి నీళ్లు సిలిండర్‌లోకి వెళ్తే పిస్టన్ వాటిని నొక్కలేదు. గాలిలా నీళ్లు కుదించుకుపోవు. కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఒక్కోసారి ఇంజిన్ బ్లాకే పగులుతుంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు. ఇంతకన్నా బాధ కలిగించేది ఇంకోటుంది. ఇంటి ముందు నిలిపి ఉంచిన కారు మునిగితే ఇంజిన్ చాలావరకు బతికే ఉంటుంది. వరద తీశాక ‘స్టార్ట్ అవుతుందో లేదో చూద్దాం’ అని తాళం తిప్పిన క్షణంలో అది పోతుంది. మామూలు కాంప్రిహెన్సివ్ పాలసీ వరద నష్టానికి వర్తిస్తుంది. కానీ నీళ్లున్న ఇంజిన్‌ను స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టాన్ని పర్యవసాన నష్టం కింద లెక్కగట్టి ఇవ్వరు. దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ విడిగా తీసుకోవాలి. నది ఒడ్డు ఊళ్లలో సన్‌రూఫ్ కన్నా ముందు కొనాల్సింది ఇదే అని నా అభిప్రాయం. ఇంట్లో ఎవరికైనా కారుంటే ఇవాళే పాలసీ తీసి చూడండి. మునిగితే తాళం ముట్టకుండా ఫొటోలు తీసి, టోయింగ్‌కు ఫోన్ చేయమని చెప్పండి.

డీజిల్ సంగతి క్లుప్తంగా. బీఎస్-6 డీజిల్ బండ్లలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అప్పుడప్పుడు కాసేపు హైవే వేగంతో నడిపితేనే అందులోని మసి కాలుతుంది. రోజూ ఇంటి నుంచి ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు తిరిగేవాళ్లకు అది తలనొప్పి. ఖమ్మం-భద్రాచలం మధ్య తిరిగేవాళ్లకు సమస్యే కాదు. అడవి దారిలో తిరిగేవాళ్లు స్టెప్నీ సంగతీ చూసుకోవాలి. కొన్ని బండ్లలో అది చిన్న సైజుది, కొన్నిట్లో అసలు ఉండదు, పంక్చర్ కిట్టే ఇస్తారు. సిగ్నల్ లేనిచోట కనెక్టెడ్ కార్ ఫీచర్లు ఎలాగూ నిద్రపోతాయి.

మొదటి జీతం, మొదటి ఈఎంఐ

క్యాంపస్ ఆఫర్ రాగానే కారు బుక్ చేసేవాళ్లకు ఒక లెక్క. రూ.9 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, ఏడేళ్లు అనుకోండి. నెలకు సుమారు రూ.14,480. మొత్తం కట్టేది రూ.12.16 లక్షలు, అంటే వడ్డీయే రూ.3.16 లక్షలు. బీమా, సర్వీసు, టైర్లు, పెట్రోలు ఇందులో లేవు. నెలకు పాతిక వేలతో మొదలయ్యే ఉద్యోగికి ఇది సగానికి పైగా జీతం. ఉద్యోగం మారాలన్నా, రెండు నెలలు ఆగి కోర్సు చేయాలన్నా ఆ ఈఎంఐ అడ్డొస్తుంది. బండిని అద్దెకు తిప్పి బతుకుదామనుకునేవాళ్ల లెక్క వేరు. వాళ్లకు మోడల్ కన్నా ముఖ్యం సర్వీసు సెంటర్ ఎంత దూరం అనేది. చర్లలో ఆగిన బండి కొత్తగూడెం వర్క్‌షాపు చేరి తిరిగొచ్చేదాకా సంపాదన సున్నా, ఈఎంఐ మాత్రం ఆగదు.

ఇప్పుడు ఇదంతా ఉద్యోగాల వైపు నుంచి చూడండి. ‘పికప్ లేదు’ అన్న ఓనర్ మాట కంపెనీలో ఇంజిన్ కాలిబ్రేషన్ టీమ్ దగ్గరికి చేరుతుంది. వారంటీ క్లెయిములను జల్లెడ పట్టి లోపం ఏ బ్యాచ్‌లో ఉందో తేల్చడానికి డేటా అనలిస్టులు కావాలి. హ్యుందాయ్ ఇంజినీరింగ్ సెంటర్, జడ్‌ఎఫ్ టెక్నాలజీ సెంటర్ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. మునిగిన కారు నష్టం లెక్కగట్టేది ఐఆర్‌డీఏఐ లైసెన్సు ఉన్న సర్వేయర్. ఇంజినీరింగ్ డిగ్రీ లేదా డిప్లొమా ఉన్నవాళ్లు శిక్షణ తీసుకుని, పరీక్ష పాసై ఈ పనిలోకి రావచ్చు. మెకానికల్ విద్యార్థుల్లో ఇది తెలిసినవాళ్లు నాకు చాలా తక్కువమంది కనిపించారు. ఐటీఐ వాళ్లయితే టాటా టెక్నాలజీస్‌తో కలిసి తెలంగాణ ప్రభుత్వం 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పథకాన్ని గమనించండి.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు టాపిక్ వెతుకుతున్నవాళ్లు ఓ చిన్న ఓబీడీ రీడర్ కొని, తెలిసినవాళ్ల కారుకు తగిలించి సారపాక నుంచి చర్ల దాకా వెళ్లండి. ఖాళీగా ఒకసారి, ఐదుగురితో ఒకసారి. ఏసీ వేసి, ఆపి. ఆర్‌పీఎం, టర్బో ప్రెజర్, ఇంధన ఖర్చు రాసుకుని గ్రాఫ్ గీయండి. రెజ్యూమెలో ఆ గ్రాఫ్ గురించి ఒక లైను పెడితే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే రావచ్చు.