మా నాలుక - 6: గ్లాసులో తోలు వాసన

ఈ వరుసలో పోయిన భాగం కంచం గురించి రాశాను. అది చదివి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, తిండి మీద రాస్తున్నరు, తాగుడు మీద ఎందుకు రాస్తలేరు?" అని. మంచి ప్రశ్న. తాగుడు మీద రాయాలంటే మనకు భయం. రాస్తే "వీళ్ళు ఎట్లాగూ తాగుబోతులే" అంటారని భయం. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో ఈసారి మాట్లాడుకుందాం. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి మిత్రులారా.

ముందు ఒక రివ్యూ సంగతి చెప్పాలి.

హైదరాబాద్‌లో నాకు తెలిసిన ఒకాయన బీరు రుచుల మీద రాస్తుంటాడు. మామూలు బీరు కాదు. ఇంపీరియల్ స్టౌట్ అనే నల్ల బీరు. విదేశం నుంచి తెచ్చిన సీసాను చీకటి గదిలో నాలుగేళ్ళు దాచి, ట్యులిప్ పువ్వులాంటి గ్లాసులో పోసి, వాసన చూసి, చప్పరించి, ఒకటిన్నర పేజీ రాశాడు. మొదట పాత తోలు వాసన వచ్చిందట. తర్వాత పొగాకు, పొగ, కాలిన కట్టె. ఈ తోలు వాసన దగ్గర ఆయన పరవశించిపోయాడు. మార్కులన్నీ దానికే వేశాడు.

నేను మాదిగ ఇంట్లో పుట్టినవాణ్ణి. తోలు వాసన అన్న మాట దగ్గర ఆగిపోయాను.

ఆ బీరు ఏమిటో తెలియనివాళ్ళకు రెండు మాటలు. బార్లీని కాఫీ గింజలా నల్లబడేదాకా వేయించి చేసే బీరు స్టౌట్. 18వ శతాబ్దంలో లండన్ బ్రూవరీలు రష్యా రాణి కాథరిన్ దర్బారుకు గట్టి రకం పంపేవి. 'ఇంపీరియల్' అన్న మాట అక్కడిది. ఆల్కహాలు 8 నుంచి 12 శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. 1990లలో షికాగోలోని గూస్ ఐలండ్ అనే బ్రూవరీ ఈ బీరును బర్బన్ విస్కీ తీసేసిన పాత ఓక్ పీపాల్లో నిలవబెట్టింది. అమెరికా చట్టం ప్రకారం బర్బన్‌కు ప్రతిసారీ లోపల కాల్చిన కొత్త ఓక్ పీపా కావాలి. ఒకసారి వాడిన పీపాలు మిగిలిపోతాయి. ఆ మిగిలినవాటిలో పుట్టిందే ఈ ఖరీదైన రుచి. ఏళ్ళు గడిచేకొద్దీ సీసాలో మిగిలిన కాస్త ఆక్సిజన్ బీరును మెల్లగా మారుస్తుంది. ఎండుద్రాక్ష, ఖర్జూరం, పొగాకు, తోలు వాసనలు అట్లా వస్తాయి. అడుగున చచ్చిన ఈస్టు కరిగితే సోయా సాస్ లాంటి, మాంసం లాంటి రుచి వస్తుంది. అంటే గాలి సోకి, ఈస్టు కుళ్ళి వచ్చిన గుణమే. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'పరిణతి'.

నేనూ రుచి చూశాను. అబద్ధం ఎందుకు, బాగుంది. నా మాటల్లో నా రివ్యూ ఇది: రంగు బెల్లం పాకం మాడితే వచ్చే నలుపు. వాసన పెనం మీద మరిచిపోయిన జొన్నరొట్టెది. మొదటి గుక్క ఖర్జూరం, రెండో గుక్క కాల్చిన చింతగింజ. మింగినాక నాలుక పక్కన కరక్కాయ నమిలినట్టు వగరు. చివర్న గొంతులో సన్నని మంట. ఎండిన ఇప్పపువ్వు బస్తా మూతి విప్పితే గుప్పుమనే తీపి వాసన కూడా అందులో ఉంది. ఈ చివరి మాట అమ్రాబాద్ వైపు మనుషులు తప్ప ఎవరూ రాయలేరు.

ఇప్పుడు ఆ వగరు దగ్గరికి వద్దాం. ఓక్ చెక్కలోంచి బీరులోకి దిగే వగరు పదార్థం పేరు టానిన్. తోలు పదును చేయడాన్ని ఇంగ్లీషులో టానింగ్ అంటారు. టానిన్ అన్న పేరు ఆ పని నుంచే వచ్చింది. మా తాతలు లందలో తంగేడు చెక్క, కరక్కాయ నానబెట్టి పచ్చి తోలుకు పట్టించింది అదే టానిన్. అదే రసాయనం, అదే వగరు, అదే వాసన. వాళ్ళ చేతులకు ఆ వాసన పట్టింది కాబట్టి ఊరు వాళ్ళను బావి దగ్గరికి రానివ్వలేదు. పెళ్ళి పందిట్లోకి రానివ్వలేదు. లంద ఊరికి దూరంగా, వాడ దాని పక్కన. ఊరి చెప్పులు, మోటబొక్కెన తోళ్ళు, డప్పులు అన్నీ ఆ వాసనలోంచే వచ్చాయి. వస్తువు ఊళ్ళోకి పోయింది, మనిషి బయటే ఉన్నాడు. ఇప్పుడు ఆ వాసన జూబ్లీహిల్స్ గ్లాసులో తేలితే గుణం. మా అవ్వ చీరకు అంటితే మైల.

ముక్కు అందరికీ ఒకటే. ఆ ముక్కు దేన్ని మెచ్చుకోవాలో, దేన్ని చూసి మూసుకోవాలో నేర్పేది కులం.

'స్ట్రాంగ్' అన్న మాటకూ ఇదే గతి పట్టింది. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ 2018 నిబంధనల ప్రకారం 5 శాతం దాటి 8 శాతం దాకా ఉంటే స్ట్రాంగ్ బీరు. దేశంలో అమ్ముడయ్యే బీరులో అధిక భాగం అదే. అడ్డా మీది కూలీ, ఆటో డ్రైవరు, మేస్త్రీ తాగేది అది. వాళ్ళు తాగితే "కిక్కు కోసం తాగే మంద" అంటారు. అదే 12 శాతం ఉన్న ఇంపీరియల్ స్టౌట్ తాగినాయన రసజ్ఞుడు. ఈ రెండు బీర్ల యజమాని ఎవరో చూడండి. గూస్ ఐలండ్‌ను 2011లో ఏబీ ఇన్‌బెవ్ కొన్నది. అదే కంపెనీ 2016లో శాబ్‌మిల్లర్‌ను కొన్నది. దాంతోపాటు హేవర్డ్స్ 5000, నాకౌట్ దాని చేతికి వచ్చాయి. పైమెట్టు వాడికి పీపా కథ చెప్పి అమ్ముతుంది, కిందిమెట్టు వాడికి స్ట్రాంగ్ అని అమ్ముతుంది. పెట్టుబడికి ఇద్దరూ గిరాకీలే. మర్యాద మాత్రం ఒకరికే.

నేను తెలుగు సాహిత్యం పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఒక సంగతి గుర్తు చేయాలి. మహాకావ్యానికి అష్టాదశ వర్ణనలు ఉండాలని మన పరీక్షల్లో రాస్తాం కదా. నగరం, సముద్రం, చంద్రోదయం, జలక్రీడ... ఆ పద్దెనిమిదిలో మధుపానం కూడా ఉంది. నాయకుడు తాగడం కావ్యానికి అలంకారం. పండితులు దాన్ని శృంగారానికి అంగమని వ్యాఖ్యానిస్తారు. తాగుబోతు అనరు. మధుపానం, తాగుడు అని భాషలోనే రెండు పీటలు వేసి పెట్టారు. ఈనాటి బీరు రివ్యూ ఆ మధుపాన వర్ణనకే మనవడు. సంస్కృతం పోయి ఇంగ్లీషు వచ్చింది, పీట మారలేదు.

ఇక అమ్రాబాద్‌కు పోదాం.

నల్లమలలో ఎండలు ముదిరే వేళ ఇప్పచెట్లు తెల్లారకముందే పూలు రాలుస్తాయి. చెంచు ఆడవాళ్ళు, పిల్లలు చీకటితోనే చెట్టు కిందికి పోయి ఏరుతారు. ఆ పువ్వు ముందు తిండి. ఉడకబెట్టి తింటారు, ఎండబెట్టి దాచుకుంటారు. ఎండిన పువ్వులో సగానికి పైగా చక్కెరే. అందుకే నానబెడితే నాలుగైదు రోజుల్లో దానంతట అదే పులుస్తుంది. కుండ మీద కుండ పెట్టి కాస్తే సారా దిగుతుంది. పువ్వు, నీళ్ళు, నిప్పు. అంతే. 1940లో ఈ పెంటల్లో తిరిగిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ చెంచుల మీద 1943లో అచ్చేసిన పుస్తకాన్ని మన యూనివర్సిటీలు ఇప్పటికీ చదివిస్తాయి. కానీ ఇప్పసారాకు రివ్యూ రాసినవాడు లేడు. దాని మీద రాసినవి ఎఫ్ఐఆర్‌లు.

జిల్లా పేజీ తిరగేయండి. "సారా బట్టీలు ధ్వంసం, పానకం పారబోత, ఇద్దరిపై కేసు." పోలీసుల మధ్య తలవంచుకుని నిలబడ్డ ఆడమనిషి ఫోటో. నల్లబెల్లం, పటిక, నవసాగరం వేసి వ్యాపారం కోసం కాచే గుడుంబాకూ, ఇప్పపువ్వు తప్ప ఏమీ లేని సారాకూ తేడా ఆ వార్తలో ఉండదు. 1968 ఎక్సైజ్ చట్టం సెక్షన్ 34 ముందు రెండూ ఒకటే. మళ్ళీ మళ్ళీ దొరికితే 1986 నాటి పీడీ చట్టం ఉంది. దాని పూర్తి పేరులో ప్రమాదకర మనుషుల వరుసలో మొదటి మాటే బూట్‌లెగ్గర్లు. బందిపోట్లు, గూండాలు ఆ తర్వాతే. విచారణ లేకుండా ఏడాది దాకా లోపల పెట్టొచ్చు.

ఇది కొత్త కథ కాదు. బొంబాయి ప్రభుత్వం 1892లోనే మహువా చట్టం తెచ్చి, కొన్ని జిల్లాల్లో పువ్వు దగ్గర పెట్టుకోవడానికే ఆంక్షలు పెట్టింది. చెట్టు నుంచి రాలే పువ్వు ఖజానాకు పోటీ అయింది మరి. తెల్లదొర పోయాడు, ఖజానా లెక్క పోలేదు. 1970ల మధ్యలో కేంద్రం రాష్ట్రాలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఆదివాసీలు సొంత వాడకానికి తమ పానీయాలు చేసుకోనివ్వండి అని ఉంది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాలను నిషేధించాలా, నియంత్రించాలా అన్న అధికారాన్ని పంచాయతీకి, గ్రామసభకు ఇచ్చింది. అమ్రాబాద్ ప్రాంతంలోని ఎన్ని చెంచుపెంటల్లో ఆ గ్రామసభ కూర్చోబెట్టి అడిగారు?

ఇదే రాష్ట్రం 2015లో హైదరాబాద్ మైక్రోబ్రూవరీలకు నిబంధనలు రాసింది. హోటల్ మధ్యలో అద్దాల వెనక రాగి తొట్లు పెట్టుకుని, అందరి ముందూ పులియబెట్టి అమ్ముకోవచ్చు. బార్లీ పులిస్తే పరిశ్రమ, ఇప్పపువ్వు పులిస్తే నేరం.

"మీకూ రిజర్వేషన్ ఇచ్చారు కదా" అంటారు. నిజమే. 2021 నుంచి తెలంగాణ మద్యం దుకాణాల్లో గౌడ్‌లకు 15 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం కేటాయించారు. కానీ 2023లో ఒక్క దరఖాస్తుకే 2 లక్షలు కట్టాలి, దుకాణం రాకపోయినా తిరిగి ఇవ్వరు. 2025లో అది 3 లక్షలైంది. చెంచు పెంటలో ఆ డబ్బు ఎవరి దగ్గర ఉంది? పైగా ఆ వాటా ఎందుకు? కంపెనీ చేసిన సీసాను మన వాళ్ళకు అమ్మిపెట్టడానికి. మన చేత్తో చేసుకున్నదాన్ని అమ్మడానికి వాటా లేదు.

ఇక్కడ మా అక్కలు, చెల్లెళ్ళు అడిగే ప్రశ్నకు తప్పించుకోకుండా జవాబు చెప్పాలి. "తాగుడు మన వాడల్ని తినేసింది. నువ్వు సారాను వెనకేసుకొస్తున్నావా?" లేదు. తాగి కొట్టే మొగుడు ఏం తాగాడన్నది దెబ్బలు తిన్న మనిషికి అనవసరం. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా పాట ఆపించారు. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సడలించారు. ఆ ఆడవాళ్ళు ఎవరి మీద లేచారో గుర్తు పెట్టుకోండి. 'వారుణి వాహిని' పేరుతో సర్కారే ప్యాకెట్లలో పోయించిన సారా మీద, దాన్ని వేలంలో పాడుకున్న కాంట్రాక్టర్ల మీద. నిషేధం సడలాక సీసా మద్యం తిరిగొచ్చింది, సారా మాత్రం నేరంగానే మిగిలింది. ఆడవాళ్ళ పోరాటాన్ని ఇంగ్లీషు మందు కంపెనీలు పంట కోసుకున్నాయి.

రాజ్యాంగం 47వ అధికరణ మద్యనిషేధం వైపు పొమ్మంటుంది. 1951లో అంబేడ్కర్ నాయకత్వాన షెడ్యూల్డ్ కులాల సమాఖ్య ఎన్నికల ప్రణాళిక మాత్రం, ఖజానాకు ఆదాయం కావాలన్న లెక్కతో మద్యనిషేధాన్ని ఎత్తేయాలన్నది. కాబట్టి ఈ విషయంలో మనకు ముందే రాసిపెట్టిన ఒకే జవాబు లేదు. నేను చెప్పేది ఒక్కటే. నిషేధిస్తే జూబ్లీహిల్స్ దాకా నిషేధించండి. అనుమతిస్తే నల్లమల దాకా అనుమతించండి. నడుమ గీసిన గీత ఆరోగ్యం పేరుతో గీసిన కులం గీత.

బీరును ఉద్యమంగా మార్చినవాళ్ళూ ఉన్నారు. 2020లో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసులు చంపాక, టెక్సస్ రాష్ట్రం శాన్ ఆంటోనియోలో వెదర్డ్ సోల్స్ బ్రూవరీకి చెందిన నల్లజాతి బ్రూవర్ మార్కస్ బాస్కర్‌విల్ ఒక ఇంపీరియల్ స్టౌట్ తయారీ విధానాన్ని లోకానికి ఇచ్చేశాడు. పేరు 'బ్లాక్ ఈజ్ బ్యూటిఫుల్'. ఎవరైనా చేయండి, వచ్చిన డబ్బు పోలీసు హింస మీద పనిచేసే స్థానిక సంఘాలకు ఇవ్వండి అన్నాడు. వెయ్యికి పైగా బ్రూవరీలు చేశాయి. నలుపును రుచి చూసి మెచ్చుకునేవాణ్ణి, నల్ల మనిషి పక్కన ఎక్కడ నిలబడతావని ఆ సీసా అడిగింది. మన బీరు రసికుల్లో ఎంతమంది తోలు వాసనను మెచ్చి, తోలు పని చేసిన మనిషి వైపు చూశారు?

మధ్యప్రదేశ్ ఇప్పసారాను 'హెరిటేజ్ మద్యం'గా గుర్తించి, తయారీని ఆదివాసీ స్వయం సహాయక సంఘాలకు ఇచ్చింది. రేపు తెలంగాణ కూడా ఆ దారి పట్టొచ్చు. అప్పుడు మనం మెలకువగా ఉండాలి. లైసెన్సు ఒక కంపెనీకి, లేబుల్ మీద చెంచు బొమ్మ, పువ్వు ఏరే కూలి చెంచు ఆడమనిషికి. ఈ మూడు ముక్కల పంపకానికి ఒప్పుకోవద్దు.

మన డిమాండ్లు సూటిగా: ఇంటి వాడకానికి ఇప్పసారా కాచుకున్న ఆదివాసీల మీద కేసులు ఎత్తేయాలి. కాచాలా వద్దా అన్నది ఆడవాళ్ళు నిండుగా కూర్చున్న గ్రామసభే తేల్చాలి. వాళ్ళు వద్దంటే బెల్టు షాపు కూడా ఆ ఊళ్ళో ఉండొద్దు. కావాలంటే తయారీ హక్కు చెంచు సంఘాలదే కావాలి, రుసుము లక్షల్లో ఉండకూడదు. అటవీ హక్కుల చట్టం 2006 ఇచ్చిన చిన్నతరహా అటవీ ఫలసాయం హక్కు పువ్వు దగ్గర ఆగిపోకూడదు.

విద్యార్థి మిత్రులకు ఇంకో పని. రుచి మీద, వాసన మీద మీ ఇంటి మాటలు రాసి పెట్టండి. అవ్వను అడగండి, తాతను అడగండి. లంద, కరక్కాయ, మాడిన రొట్టె, ఇప్పపువ్వు బస్తా, ఇవన్నీ కొలతలే. ఈ మాటలు మనం రాయకపోతే, మన వాసనకు మార్కులు వేసే పని వాళ్ళ చేతిలోనే ఉంటుంది.

వచ్చే భాగం డప్పు తోలు గురించి.

జై భీమ్.