కన్నులు మూయించువారు

తార్నాకలోని అద్దెగదులలోను ఉస్మానియా విశ్వవిద్యాలయపు హాస్టళ్లలోను మన గ్రామముల బిడ్డలు చదువుకొనుచున్నారు. దిగులు కలిగిన రాత్రి వారికి ఫోనులో ఒక గొంతు దొరకుచున్నది: కన్నులు మూసికొనుము, యేసు నీ గదిలోనికి వచ్చుచున్నాడని ఊహించుము, ఆయన ఏమనుచున్నాడో ఆలకించుము. మాటలు చాలనివానికి ప్రార్థనలో ఇంకొకరు మాటలందించుట తప్పని నేననను. కీర్తనల గ్రంథము చేయుచున్నది అదే గదా! అయితే సోదరులారా, మనస్సులో తోచిన ప్రతి మాటకు ప్రభువు మాటయని ముద్ర వేయుటకు వీరికి అధికారమెవరిచ్చిరి?

హన్నాను చూడుడి. షిలోహులో ఆమెను నడిపింపదగినవాడు లేకపోలేదు. యాజకుడైన ఏలీ దగ్గరనే కూర్చుండెను. పెదవులు మాత్రము కదలుట చూచి, ఆమె త్రాగియున్నదనుకొనెను! ఆమె దుఃఖము నెరిగినవాడు వేరొకడు. ఇట్టి ధ్యానమునకు పేరుపడిన ఇగ్నేషియస్ లొయోలా సహితము, 1548లో పోపు ఆమోదించిన తన గ్రంథములో, నడిపించువాడు దేవునికిని ఆత్మకును నడుమ దూరరాదని చెప్పెను. రోమను సభవాడని ఈ మాటను త్రోసివేయ నక్కరలేదు.

మరి కొందరు, స్వస్థత కలుగలేదా, నీ విశ్వాసము కొదువ, మాత్రలు మానుము అనుచున్నారు. ఇది క్రూరత్వము. బదరీవృక్షము క్రింద చావు కోరిన ఏలీయాను దూత నిందింపలేదు. రెండుసార్లు లేపి తినుమనెను, నడుమ నిద్రపోనిచ్చెను. హోరేబు స్వరము తరువాతిది.

బిడ్డ గొంతు మారినదా, తల్లిదండ్రులారా, బస్సెక్కి వెళ్లుడి. తిన్నాడో లేదో చూడుడి. ఎర్రగడ్డ మానసిక వైద్యాలయము పేరెత్తుటకు సిగ్గుపడకుడి. 14416 నంబరుకు ఫోను చేసినయెడల ప్రభుత్వపు టెలి మానస్ వారు తెలుగులోనే మాటలాడుదురు.